ముందు చీకటి, తర్వాతే మిషన్: తోలుబొమ్మల దీపం నుంచి లేజర్ దాకా పల్నాటి తెర కథ

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం సొంత గోలతో మొదలెడతాను, ఏమనుకోకండి. తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

నరసరావుపేటలో మా ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. పన్నెండు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. దాన్ని సినిమా గది చేద్దామని ఎప్పటినుంచో ఆశ. ఫోన్లో తెగ వెతికి, ఆన్‌లైన్‌లో ఒక ప్రొజెక్టర్ ఆర్డర్ పెట్టాను. పదిహేడు వేలు. డబ్బా మీద ‘9,000 ల్యూమెన్లు’, ‘4కె సపోర్ట్’ అని పెద్ద పెద్ద అక్షరాలు. వచ్చింది, గోడ మీద వేశాను. బొమ్మ ఎలా ఉందంటే, మజ్జిగలో ముంచి తీసినట్టుంది. నలుపు అనేదే లేదు. రాత్రి సీను వస్తే ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలీదు. తిప్పి పంపుదామంటే గడువు అయిపోయిందన్నారు. పదిహేడు వేలు పోయాయి.

అప్పుడు మా పెదనాన్నని పిలిచాను. ఆయన పల్నాట్లో ముప్పై ఏళ్ళకి పైగా సినిమా ఆపరేటర్‌గా పనిచేశాడు. మొదట టూరింగ్ టాకీస్, తర్వాత పక్కా హాలు. ఆయన మేడెక్కి వచ్చి మిషన్ వంక చూడనే లేదు. గోడల వంక చూశాడు. పైకప్పు చూశాడు. కిటికీ చూశాడు. చూసి అన్నాడు: "ఇదేందిరా అబ్బాయ్, నాలుగు పక్కలా తెల్లసున్నం కొట్టి మధ్యన బొమ్మేస్తే యాడ కనపడుద్ది? ముందు చీకటి చూసుకో. మిషన్ సంగతి తర్వాత."

ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆరు నెలలు చదివాను, అడిగాను, తిరిగాను. నాకు తేలింది ఏంటంటే, మన దగ్గర తెర మీద బొమ్మ ఆడించిన ప్రతి తరమూ ఇదే పాఠం నేర్చుకుంది. చీకటిని సంపాదించినవాడే బొమ్మ ఆడించాడు. ఇవాళ మనం ఫోన్లో స్పెసిఫికేషన్లు చదువుతూ ఆ సంగతి మర్చిపోయాం. ఆ కథే ఈ ఎపిసోడ్.

ఆముదం దీపం కాలం

సినిమాకి ముందు పల్నాట్లో తెర ఉందా? ఉంది. తోలుబొమ్మలాట. నరసరావుపేట పరిసరాల్లో ఈ కళ మీద బతికిన కుటుంబాలు ఉన్నాయి. మేకతోలుని కాంతి దూరేంత పల్చగా చేసి, రంగులు వేసి, చిన్న చిన్న బెజ్జాలు కొట్టి బొమ్మ చేస్తారు. తెల్లగుడ్డ కట్టి, వెనకాల దీపాలు పెట్టి, బొమ్మని గుడ్డకి ఆనించి ఆడిస్తారు. పాత రోజుల్లో అవి ఆముదం దీపాలు. జనం ముందు వైపు కూర్చుంటారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆముదం దీపం వెలుగెంత? చాలా తక్కువ. మన ఫోన్ టార్చి ముందు అది ఎంత? అయినా ఊరు ఊరంతా కూర్చుని తెల్లవార్లూ రామాయణం చూసింది. ఎలా కుదిరింది? ఊళ్ళో ఇంకో వెలుగు లేదు కాబట్టి. కరెంటు లేదు, వీధి లైటు లేదు. చుట్టూ కటిక చీకటి. ఆ చీకట్లో మన కంటిపాప పెద్దదవుతుంది, కాసేపటికి కన్ను కొద్దిపాటి వెలుగుకే అలవాటు పడుతుంది. అప్పుడు చిన్న దీపం కూడా రంగులన్నీ చూపిస్తుంది.

అంటే మన మొదటి ‘ప్రొజెక్టర్’కి ల్యూమెన్లు లేవు. దానికి ఉన్నదల్లా మంచి గది. ఆకాశమే పైకప్పుగా ఉన్న గది అన్నమాట.

స్టూడియో తాకట్టు పెట్టి మిషన్ కొన్న మనిషి

1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి బొమ్మలు చూపించారు. ఆరు నెలలు దాటగానే, 1896 జూలై 7న, అదే వింత బొంబాయి వాట్సన్ హోటల్‌కి వచ్చింది. కానీ అది బొంబాయి. మన తెలుగువాడి చేతికి ప్రొజెక్టర్ ఎప్పుడొచ్చింది?

ఇక్కడ ఒక పేరు చెప్పుకోవాలి. రఘుపతి వెంకయ్య నాయుడు గారు. ఊరు మచిలీపట్నం. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపేవారు. 1909-10 ప్రాంతంలో ఆయన విదేశం నుంచి క్రోనోమెగాఫోన్ అనే మిషన్ తెప్పించారు. ఫ్రాన్స్‌లోని గౌమాంట్ కంపెనీ తయారీ. ఒక పక్క ఫిల్ము ఆడుతుంటే ఇంకో పక్క గ్రామఫోన్ రికార్డు తిరుగుతుంది. రెండూ కలిసి నడవాలి. అంటే టాకీ రావడానికి ఇరవై ఏళ్ళ ముందే బొమ్మకి మాట కలిపే ప్రయత్నం అది. దాని ఖరీదు ముప్పై వేల రూపాయలని సినిమా చరిత్రల్లో చెబుతారు. ఆ రోజుల్లో ముప్పై వేలు! అందుకోసం ఆయన స్టూడియోని తాకట్టు పెట్టారు.

నేను పదిహేడు వేలు పోగొట్టుకుని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ మనిషి బతుకుతెరువునే తాకట్టు పెట్టాడు.

మిషన్ వచ్చింది, సరే. ఎక్కడ ఆడించాలి? మొదట మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించారు. తర్వాత డేరాలు వేశారు. ఆ డేరా మడిచి, మిషన్ పెట్టెల్లో పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. బెజవాడ, బెంగుళూరే కాదు, రంగూన్, సిలోన్ దాకా వెళ్ళారు. చివరికి 1914లో మద్రాసులో గెయిటీ అనే పక్కా థియేటర్ కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అదే అంటారు. తెలుగు సినిమా పెద్దలకి ప్రభుత్వం ఇస్తూ వచ్చిన రఘుపతి వెంకయ్య అవార్డు ఆయన పేరు మీదే.

ఈ వరస గమనించండి. హాలు, డేరా, మళ్ళీ హాలు. మిషన్ ఒక్కసారి కొన్నారు. గది కోసం మాత్రం నాలుగైదేళ్ళు తిరిగారు.

అట్లాగే తమిళనాడు వైపు స్వామికన్ను విన్సెంట్ అని ఒక రైల్వే గుమాస్తా ఉండేవాడు. 1905లో ఒక ఫ్రెంచి ఆయన దగ్గర మిషన్, ఫిల్ములు కొని డేరాతో దేశం మీద పడ్డాడు. దక్షిణాదిన డేరా సినిమాకి దారి వేసినవాళ్ళు ఇలాంటివాళ్ళు. ఆంధ్రలో పక్కా హాలు 1921లో బెజవాడలో మారుతి టాకీస్‌తో వచ్చింది. మరి పల్నాడు లాంటి మెట్ట ప్రాంతానికి, చిన్న ఊళ్ళకి? డేరానే దిక్కు.

టూరింగ్ టాకీస్: చీకటి పడితేనే ఆట

పెదనాన్న పదహారేళ్ళప్పుడు డేరాలో చేరాడు. మొదట టికెట్లు చింపే పని, తర్వాత రీళ్ళు చుట్టే పని, ఆ తర్వాత మిషన్ దగ్గర. డేరా అంటే ఒక ఊళ్ళో కొన్ని నెలలకి లైసెన్సు తీసుకుంటారు. గడువు అయిపోగానే గుంజలు పీకి ఇంకో ఊరు. మాచర్ల వైపు, గురజాల వైపు, కారంపూడి వైపు, ఇట్లా తిరుగుతారు. నేల టికెట్టు, బెంచి టికెట్టు, కుర్చీ టికెట్టు. నేల అంటే నిజంగా నేలే. ఇసుక పోస్తారు. ముందొచ్చినవాడు ఇసుక కుప్ప చేసుకుని ఎత్తు మీద కూర్చుంటాడు.

డేరాకి ఒక కట్టుబాటు ఉంది. మ్యాట్నీ లేదు. ఎందుకు? పగలు గుడ్డలోంచి వెలుతురు దూరుతుంది. బొమ్మ కనపడదు. అందుకని మొదటాట పొద్దుగూకాకే. మైకులో ఘంటసాల గారి భక్తి పాట వేస్తే ఊరికి గుర్తు, టికెట్లు ఇస్తున్నారని. ఎండాకాలం పొద్దు ఆలస్యంగా గుంకుద్ది కాబట్టి ఆట కూడా ఆలస్యం. "సూర్యుడే మా మేనేజరు" అంటాడు పెదనాన్న.

నిండు పున్నమి రోజుల్లో ఏం చేసేవాళ్ళో తెలుసా? తెర పక్కన ఖాళీలు ఉంటే నల్లగుడ్డ కట్టేవాళ్ళు. తెర చుట్టూ కూడా నల్ల అంచు. ఇవాళ హోం థియేటర్ వాళ్ళు దీన్నే మాస్కింగ్ అని పేరు పెట్టి వేలకి వేలు పెట్టి కొంటున్నారు.

వెలుగు కోసం నిప్పుతో కాపురం

ఇప్పుడు మిషన్ లోపలికి వెళ్దాం. చాలామందికి తెలియని విషయం ఇది. పాత ప్రొజెక్టర్లలో బల్బు ఉండేది కాదు. కార్బన్ ఆర్క్ ఉండేది. పెన్సిళ్ళలాంటి రెండు కార్బన్ కడ్డీలు. వాటి మొనలు తాకించి కొంచెం ఎడం చేస్తే మధ్యలో కరెంటు దూకి మంట లేస్తుంది. ఆ కొన దగ్గర వేడి 3,500 డిగ్రీలు దాటుతుంది. వెనకున్న అద్దం ఆ వెలుగుని ఫిల్ము మీదికి తోస్తుంది.

కడ్డీలు కాలి కరుగుతూ ఉంటాయి. ఎడం పెరిగితే వెలుగు తగ్గుతుంది, రంగు మారుతుంది. ఆపరేటర్ మరలు తిప్పుతూ ఎడం సరిచేస్తూ ఉండాలి. చిన్న నల్ల అద్దంలోంచి మంటని చూస్తూ మూడు గంటలు. పొగ పోవడానికి పైన గొట్టం. మన ఊళ్ళ ఎండలకి తోడు ఆ గదిలో ఆ మంట! రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో వినని తెలుగువాడు ఉండడు కదా. ఆ వేడిలో ఆపరేటర్లు లుంగీ, బనీనుతో పనిచేసేవాళ్ళు.

పైగా పాత నైట్రేట్ ఫిల్ము. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, నీళ్ళు పోసినా ఆగదు. 1950ల మొదట్లో సేఫ్టీ ఫిల్ము వచ్చి ఆ భయం పోయింది. కానీ ఆపరేటర్ గదికి విడిగా గోడలు ఉండాలి, ఆపరేటర్‌కి లైసెన్సు ఉండాలి అనే పట్టుదలలు ఆ భయంలోంచి పుట్టినవే.

లెక్క కూడా చూద్దాం. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. ‘పదహారు రీళ్ళ సినిమా’ అని పాత పోస్టర్ల మీద చూసుంటారు. అంటే పదహారు వేల అడుగులు, దాదాపు మూడు గంటలు. పక్కా హాల్లో రెండు మిషన్లు ఉంటాయి. ఒకటి అయిపోయేలోపు రెండోది అందుకోవాలి. ఎప్పుడు అందుకోవాలో ఎలా తెలుస్తుంది? బొమ్మకి కుడిచేతి పై మూలన చిన్న చుక్క కనపడుతుంది. మొదటి చుక్కకి రెండో మిషన్ మోటారు వేయాలి. కొద్ది సెకన్లకి రెండో చుక్క. దానికి వెలుగు మార్చాలి. పాత సినిమాలు చూసేటప్పుడు ఆ చుక్క గమనించండి, ఇప్పటికీ కొన్ని ప్రింట్లలో కనపడుతుంది. డేరాలో ఒకటే మిషన్. రీలు అయిపోతే ఆట ఆగుతుంది, జనం ఈలలు.

నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటుంది. ఫిల్ము సెకనుకి 24 బొమ్మలు. ఒక బొమ్మ జరిగి ఇంకో బొమ్మ వచ్చేలోపు వెలుగుకి రెక్క అడ్డం పడుతుంది. లేకపోతే బొమ్మ జారినట్టు కనపడుతుంది. మినుకు తెలియకుండా ఒక్కో బొమ్మనీ రెండుసార్లు చూపిస్తారు. ఇదంతా కలిపితే, సినిమా ఆడుతున్న కాలంలో దాదాపు సగం సేపు తెర మీద వెలుగే పడదు. మూడు గంటల సినిమాలో దగ్గర దగ్గర గంటన్నర చీకటి చూసి వచ్చారన్నమాట మన తాతలు! అయినా బొమ్మ బ్రహ్మాండంగా ఉందన్నారు.

తెర వెడల్పయిన ఏడాది

1953లో హాలీవుడ్ వాళ్ళు సినిమాస్కోప్ తెచ్చారు. టీవీ దెబ్బకి జనం హాళ్ళకి రావడం లేదని తెరని వెడల్పు చేశారు. బొమ్మని ఫిల్ము మీద అడ్డంగా నొక్కి పెట్టి, ఆడించేటప్పుడు ప్రత్యేకమైన లెన్సుతో సాగదీస్తారు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. కృష్ణ గారు తీశారు. 1986లో సింహాసనంతో తెలుగుకి 70 మిల్లీమీటర్లు కూడా ఆయనే తెచ్చారు.

హాలు వాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. కొత్త లెన్సు కొనాలి, తెర వెడల్పు చేయాలి. పక్క గోడలు అడ్డం వస్తే? పల్నాటి చిన్న హాళ్ళలో వెడల్పు లేదు. అందుకని కొందరు వెడల్పు పెంచే బదులు ఎత్తు తగ్గించారు. స్కోప్ బొమ్మ మామూలు బొమ్మ కంటే చిన్నదయింది. "పేరుకి స్కోపు, చూస్తే పట్టీ" అని జనం ఎగతాళి.

నవ్వకండి. ఇవాళ మన ఇళ్ళలో అదే జరుగుతోంది. నూరంగుళాల మామూలు తెర తీసుకుంటే వెడల్పు ఏడడుగుల మూడంగుళాలు, ఎత్తు నాలుగడుగుల పైన ఒక అంగుళం. ఇప్పుడొచ్చే తెలుగు సినిమాలు ఎక్కువ భాగం స్కోపే. ఆ తెర మీద స్కోప్ బొమ్మ వేస్తే ఎత్తు మూడడుగులకి వస్తుంది. పైన అర అడుగు, కింద అర అడుగు ఖాళీ. మీ మిషన్‌లో నలుపు సరిగ్గా రాకపోతే ఆ ఖాళీ పట్టీలు బూడిద రంగులో మెరుస్తూ కూర్చుంటాయి. అక్కడ నల్ల ముఖమల్ గుడ్డ కట్టండి, బొమ్మ ఒక్కసారిగా లేచొస్తుంది. ఇది డేరా విద్యే.

డబ్బాలు ఆగిపోయిన రోజు

కార్బన్ పోయి జెనాన్ ల్యాంపు వచ్చింది. కడ్డీలు మార్చే పని లేదు, ఒక ల్యాంపు వెయ్యి గంటల పైన వెలుగుతుంది. పెదనాన్నకి సుఖమే అయింది. అసలు దెబ్బ తర్వాత వచ్చింది.

1987లో అమెరికాలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీలో లారీ హార్న్‌బెక్ అనే శాస్త్రవేత్త ఒక చిప్ చేశాడు. గోరంత చిప్ మీద లక్షల బుల్లి అద్దాలు. ఒక్కో అద్దం ఒక్కో చుక్క. అటు వాలితే వెలుగు తెర మీదికి, ఇటు వాలితే పక్కకి. సెకనుకి వేల సార్లు వాలతాయి. దీన్నే డీఎల్‌పీ అంటారు. 2015లో దీనికి ఆయన చేతికి ఆస్కార్ బొమ్మ వచ్చింది. 1999లో అమెరికాలో స్టార్ వార్స్ సినిమాని కొన్ని హాళ్ళలో ఫిల్ము లేకుండా ఆడించారు. 2005 నాటికి మన దేశంలోనూ యూఎఫ్‌ఓ వాళ్ళు శాటిలైట్ ద్వారా హాళ్ళకి సినిమా పంపడం మొదలెట్టారు. చెన్నై నుంచి క్యూబ్ కూడా వచ్చింది.

అప్పటిదాకా పల్నాటికి సినిమా అంటే బెజవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి డబ్బా రావాలి. బస్సు టాపు మీదో, రైల్లోనో. 2010 దాటాక ఆ డబ్బాలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. పెదనాన్న పనిచేసే హాల్లో కొత్త మిషన్ బిగించారు. ఒక కుర్రాడొచ్చి కంప్యూటర్లో లిస్టు పెట్టి బటన్ నొక్కాడు. అంతే. ఆట మొదలైంది, చుక్క రాలేదు, చేయి కదిలించే పని లేదు. పాత మిషన్లని ఇనుప సామాన్ల వాళ్ళు తూకానికి కొనుక్కుపోయారు. పెదనాన్నని ఇంకో రెండేళ్ళు గేటు దగ్గర ఉంచారు. తర్వాత ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఆయన హాలుకి వెళ్ళి సినిమా చూడలేదు. మేం పిలిచినా "కళ్ళు లాగుతున్నాయిరా" అనేవాడు.

విచిత్రం ఏంటంటే, ఆయన పని తీసేసిన ఆ చిప్ తమ్ముడే ఇప్పుడు మన ఇళ్ళకి ప్రొజెక్టర్‌గా వస్తోంది. దాన్ని ఎంచుకోవడానికి నేను ఆయన్నే పిలిచాను.

మా గదిలో ఏం చేశాం

ఇక లెక్కలు. ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మొదటిది గది. కిటికీకి లోపల ప్లైవుడ్ పలక, దాని మీద మందపాటి నల్ల కర్టెన్. తెర ఉన్న గోడకి, పైకప్పుకి, పక్క గోడల్లో ముందు సగానికి మెరుపు లేని ముదురు బూడిద రంగు. తెల్లసున్నం గోడ తన మీద పడ్డ వెలుగులో చాలా భాగం వెనక్కి పంపుతుంది. తెర వెలుగు గోడకి, గోడ నుంచి మళ్ళీ తెరకి. నలుపు ఉండాల్సిన చోట ఆ వెలుగు పడుతుంది. పిడుగురాళ్ళ సున్నం మన పల్నాటికి పేరు తెచ్చింది, కాదనను. సినిమా గదికి మాత్రం అది శత్రువు. రంగు వేయించాక పాత పదిహేడు వేల మిషన్ పెట్టి చూశాను. అది కూడా మునుపటి కంటే నయంగా ఆడింది! అప్పుడు నాకు పెదనాన్న మాట పూర్తిగా అర్థమైంది.

రెండోది వెలుగు. సినిమా హాళ్ళకి పాత కాలం నుంచి ఒక కొలత ఉంది. ఫిల్ము లేకుండా తెర మధ్యలో 16 ఫుట్-ల్యాంబర్ట్‌లు. అంటే చదరపు అడుగుకి 16 ల్యూమెన్ల చొప్పున అనుకోండి. నూరంగుళాల తెర దాదాపు ముప్పై చదరపు అడుగులు. ముప్పై పదహార్లు 480. అర్థమైందా? చీకటి గదిలో నూరంగుళాల తెరకి తెర మీద పడే నిజమైన ల్యూమెన్లు 480 చాలు. 120 అంగుళాలకి ఏడు వందల లోపే. సినిమా మోడ్‌లో పెడితే మిషన్ వెలుగు తగ్గుతుంది, ల్యాంపు పాతబడితే ఇంకా తగ్గుతుంది కాబట్టి, దానికి మూడు నాలుగు రెట్లు, అంటే 1,500 నుంచి 2,500 మధ్య నిజమైన ల్యూమెన్లు ఉన్నది తీసుకుంటే ధైర్యంగా ఉండొచ్చు. అయితే డబ్బా మీద ఆ అంకె పక్కన ‘ఆన్సీ’ అనో, ‘ఐఎస్‌ఓ’ అనో ఉండాలి. ఉత్తి ‘ల్యూమెన్లు 9,000’ అంటే ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు? నేను మునిగింది అక్కడే.

మూడోది ‘4కె సపోర్ట్’ మాట. సపోర్ట్ అంటే 4కె ఫైలు ఇస్తే తీసుకుంటుందని మాత్రమే. తెర మీద వేసేది ఎంతో ‘నేటివ్’ అన్న చోట చూడాలి.

నాలుగోది దూరం. తెర వెడల్పుతో మిషన్ దూరాన్ని భాగిస్తే వచ్చేది త్రో రేషియో. అది 1.5 అయితే మా ఏడుంపావు అడుగుల తెరకి పదకొండు అడుగుల దూరం కావాలి. హాల్లో ఏ లెన్సు బిగించాలో ఆపరేటర్లు ఈ లెక్కతోనే చూసేవాళ్ళు. కూర్చునే చోటు పది నుంచి పదమూడున్నర అడుగుల మధ్య పెట్టుకున్నాం.

ఐదోది వేడి, దుమ్ము, కరెంటు. చాలా ఇంటి ప్రొజెక్టర్లు 35 డిగ్రీల గది వేడి దాకా పనిచేస్తాయని వాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది. మే నెలలో మన మేడ మీద గదులు ఎంత ఉంటాయో మీకు చెప్పాలా? అందుకని ఏసీ పెట్టాకే మిషన్ పెట్టాం. సున్నం బట్టీల దుమ్ము, మిర్చి కోతల కాలం దుమ్ము ఉన్న ఊళ్ళలో ఫిల్టర్ తీసి కడిగే వీలుందా అని చూడండి. ల్యాంపు మిషన్ అయితే కరెంటు ఠక్కున పోతే ఫ్యాన్ ఆగి వేడి లోపలే ఉండిపోతుంది. చిన్న యూపీఎస్ పెట్టాలి.

చివరిది, ఏ రకం? ఒక చిప్ డీఎల్‌పీలో రంగుల చక్రం తిరుగుతూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కొందరి కళ్ళకి అది అంచుల్లో ఇంద్రధనుస్సులా మెరుస్తుంది. ఎప్సన్ వాళ్ళు 1989 నుంచి చేస్తున్న ఎల్‌సీడీ రకంలో ఇప్పుడు మూడు రంగులూ ఒకేసారి పడతాయి, ఆ బాధ లేదు. జేవీసీ, సోనీ వాళ్ళ ఎల్‌కాస్ రకంలో నలుపు అన్నిటికంటే బాగుంటుంది, ధర మాత్రం లక్షల్లో. ల్యాంపు నాలుగు వేల గంటలు అనుకుంటే రోజుకి రెండు గంటల చొప్పున ఐదేళ్ళ పైన. లేజర్ ఇరవై వేల గంటలు అంటే ఇరవయ్యేడేళ్ళు. కానీ అన్నేళ్ళు మిగతా మిషన్ బతకాలి కదా.

గుంటూరులో ఒక షాపులో చూడటానికి పెదనాన్నని తీసుకెళ్ళాను. డీఎల్‌పీ ముందు రెండు నిమిషాలు నిలబడి "రంగులు చీలుతున్నాయిరా" అన్నాడు. నాకు ఏమీ కనపడలేదు. ముప్పై ఏళ్ళు మంటని చూసిన కళ్ళు అవి. మూడు ప్యానెళ్ళ ఎల్‌సీడీ తీసుకున్నాం. లక్ష దాటింది. మోడల్ పేరు చెప్పను, మీ గది వేరు, మీ కళ్ళు వేరు. కొనేముందు మీ ఇంట్లో అందరి కళ్ళకీ చూపించండి, అదే నా సలహా.

మొదటి ఆట ఏం వేద్దాం అంటే ఆయన మాయాబజార్ అన్నాడు. 1957 సినిమా. రంగులేసిన ప్రింటు వద్దన్నాడు, నలుపు తెలుపుదే కావాలన్నాడు. మార్కస్ బార్ట్‌లీ గారు తీసిన వెన్నెల సీను వచ్చింది. చెట్ల నీడలు నల్లగా, నీళ్ళ మీద వెలుగు తెల్లగా. పెదనాన్న కుర్చీలోంచి లేచి మిషన్ దగ్గరికి వెళ్ళి ఫోకస్ రింగు మీద చెయ్యి వేశాడు. కొంచెం తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. అది అంతకుముందే సరిగ్గా ఉంది. అయినా నేనేమీ అనలేదు. సినిమా అయిపోయేదాకా ఆయన మిషన్ పక్కనే నిలబడి చూశాడు.

మీ ఊళ్ళో కూడా ఒక పాత ఆపరేటర్ ఉండే ఉంటాడు. టీ కొట్టు దగ్గరో, గుడి అరుగు మీదో. ప్రొజెక్టర్ కొనేముందు ఒకసారి ఆయన్ని మీ గదికి తీసుకెళ్ళి చూపించండి. డబ్బులు మిగులుతాయి, కథలు కూడా దొరుకుతాయి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.